కనుపాప చెప్పే లెక్క

కంటిలో ఐరిస్ అనే రంగు పొర నడుమ ఉన్న నల్లని రంధ్రమే కనుపాప. ఎండలో అది 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకట్లో 8 దాకా విచ్చుకుంటుంది. వెలుతురు మారకపోయినా, మనసు కష్టపడితే కాస్త పెద్దదవుతుంది. ఈ మార్పు సాధారణంగా అర మిల్లీమీటరు దాటదు. అయినా ఆలోచన బరువును బయటి నుంచి తూచే వీలు దీనివల్లే కలిగింది.

1964లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎకార్డ్ హెస్, జేమ్స్ పోల్ట్ ఐదుగురికి నోటిలెక్కలు ఇచ్చి, వారి కళ్లను ఫిల్మ్ తీశారు. తేలికైన లెక్క ఏడు ఎనిమిదులు, కష్టమైనది 16ను 23తో హెచ్చవేయడం. లెక్క విన్నది మొదలు పాప పెరుగుతూ పోయి, జవాబుకు ముందు పూర్తిగా విచ్చుకుని, ఆ తర్వాత తగ్గింది.

1966లో డేనియల్ కానమన్, జాక్సన్ బీటీ జ్ఞాపకశక్తి వైపు దృష్టి పెట్టారు. వరసగా అంకెలు వింటుంటే ఒక్కో అంకెకు పాప పెరిగింది, తిరిగి అప్పజెబుతుంటే ఒక్కో అంకెకు తగ్గింది. 5294 విని, ప్రతి అంకెకూ ఒకటి కలిపి (9 తర్వాత 0గా తీసుకుని) 6305 అని చెప్పాల్సిన పరీక్షలో పాప ఇంకా ఎక్కువగా విచ్చుకుంది. మోయలేక వదిలేసినవారి పాప వెంటనే ముడుచుకుంది. మామూలు కబుర్లలో మాత్రం అది చిన్నదిగానే ఉంది.

ఎత్తుకోవడం, మోయడం, దించడం అనే ఈ వరస అవధానం చూసినవారికి పరిచయమే. అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకుల ప్రశ్నలను మనసులో పెట్టుకుని, మధ్యమధ్య మోగే గంటలు లెక్కపెడుతూ, చివర ధారణలో పద్యాలన్నీ ఒప్పజెబుతాడు.

పాప విచ్చుకోవడానికి మెదడు కాండంలోని లోకస్ సెరులియస్‌తో దగ్గరి సంబంధం ఉంది. నోరెపినెఫ్రిన్ అనే రసాయనాన్ని దాదాపు మెదడంతటికీ పంపే చిన్న కేంద్రం అది.

ఇంట్లో కూర్చుని ఎదుటివారి కళ్లలో ఈ మార్పు చూడటం కష్టం. తెలుగువారి ఐరిస్ సాధారణంగా ముదురు గోధుమరంగు కావడంతో పాప హద్దు కంటికి ఆనదు. పరారుణ కెమెరాలో ఐరిస్ లేతగా, పాప నల్లగా విడివిడిగా కనిపిస్తాయి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంటి కదలికల అధ్యయనంలో వాడే ఐ ట్రాకర్ల వంటి పరికరాలు చూపుతోపాటు పాప కొలతనూ నమోదు చేయగలవు. గది వెలుతురు మాత్రం మారకూడదు, మారితే శ్రమ గుర్తు అందులో కలిసిపోతుంది.

కనుపాప మనిషి పడ్డ శ్రమనే చెబుతుంది, జవాబు తప్పో ఒప్పో చెప్పదు. అందుకే ఇది తెలివికి కొలబద్ద కాదు, కష్టానికి కొలబద్ద.