పచ్చిమంటి పాత్రల పునస్సంధానము: వైదిక సాక్ష్యము

కుండల చరిత్ర వ్రాయువారికి ముఖ్యాధారము పెంకు. అది కాలిన మన్ను. కాల్చుటకు పూర్వమే పగిలిన పాత్రను కుమ్మరి యెట్లు చక్కదిద్దెనో పెంకు తఱచుగా తెలుపదు. చక్కగా అతికిన అతుకు కంటికి కానరాదు. అతుకని పాత్ర మరల మంటిలో కలిసిపోవును. ఈ కొఱతను కొంతవఱకు తీర్పగల సాక్ష్యము కర్మగ్రంథములందు కలదని మా అభిప్రాయము.

శతపథ బ్రాహ్మణమున ఆఱవ కాండము అగ్నిచయనమునకు వలయు 'ఉఖ' యను పాత్ర నిర్మాణమును, పదునాలుగవ కాండము ప్రవర్గ్యమునకు వలయు 'మహావీర' పాత్ర నిర్మాణమును వర్ణించుచున్నవి. ఉఖకు వలయు మంటిలో మేకవెండ్రుకలను, దార్ఢ్యమునకై గులకఱాళ్ల పొడి, ఱాతిపొడి, ఇనుపత్రుప్పులను కలుపవలెను. పాత్రలు చేయగా మిగిలిన మంటిని 'ఉపశయ' యను పేర ప్రాయశ్చిత్తమునకై దాచవలెను. కాలిన ఉఖ పగిలినచో, దానిని నూఱి ఉపశయతో కలిపి, మంత్రములు లేకయే పూర్వవిధమున మరల పాత్రను చేసి కాల్చవలెనని విధి.

ఈ విధియందలి యుక్తి మంటి స్వభావమును బట్టి తెలియును. పాత్ర కొంత గట్టిపడియు తడియారక యున్నపుడు, పగిలిన అంచులకు గాట్లు పెట్టి, అదే మంటిని నీట పలుచగా కలిపి పూసి అతికింపవచ్చును. పూర్తిగా ఎండిన పిమ్మట ఇది కష్టము. కొత్తగా పూసిన తడిమన్ను ఎండుచు కుంచించుకొనును, పాతది కుంచించుకొనదు. అందుచే అతుకు బీటలు వాఱును. అట్టి పాత్రను నీట నానబెట్టి మరల ముద్ద చేయుటయే మేలు. కాలిన పిమ్మట ఆ మార్గమును లేదు. సుమారు 500 మొదలు 600 సెల్సియస్ డిగ్రీల వేడిమిలో మంటి అణురచనయందలి నీరు వెడలిపోవును. ఆ మన్ను మరల నీట నాని ముద్దగాదు. అది పొడియై పచ్చిమంటిలో కలిసి, దాని కుంచింపును తగ్గించుటకు మాత్రము పనికివచ్చును. కనుకనే ఉపశయను పచ్చిగా దాచుట యవసరమైనది.

ఈ విధికి కర్మపరమైన అర్థము మాత్రమే కలదని కొంద ఱనవచ్చును. ఆ అర్థమును మేము కాదనము. కాని పచ్చిమంటికిని కాలిన మంటికిని గల భేదము నెఱిగినవారు తప్ప ఇట్టి విధిని కల్పింపజాలరు. మైత్రాయణీ సంహిత కుమ్మరి సారెపై చేసిన పాత్రను ఆసురమని అగ్నిహోత్రమునకు నిషేధించినది. సారె నిషిద్ధమైనను, మంటిని గూర్చిన ఈ యెఱుక మాత్రము కుమ్మరి చేతినుండియే యజ్ఞశాలకు వచ్చియుండును. పేరెఱుగని ఆ పనివారి ఋణమును మన చరిత్రలు గుర్తింపవలసియున్నది.