నైజీరియన్ డ్వార్ఫ్ మేకల మందలో విత్తనపు పోతు మదింపు

నైజీరియన్ డ్వార్ఫ్ అమెరికాలో స్థిరపడిన పొట్టి పాడి మేక జాతి. దీని మూలాలు పశ్చిమ ఆఫ్రికావి. అమెరికన్ డెయిరీ గోట్ అసోసియేషన్ 2005లో ఈ జాతిని తన వంశావళి పుస్తకంలో చేర్చుకుంది. ఆ సంఘం కొలతల ప్రకారం భుజాల దగ్గర ఎత్తు ఆడమేకకు సుమారు 57 సెంటీమీటర్లు, పోతుకు సుమారు 60 సెంటీమీటర్లు మించకూడదు. పాలు కొంచెమే అయినా చిక్కన. సానెన్ వంటి పెద్ద జాతుల పాలలో వెన్న 3, 4 శాతం మధ్య ఉంటే, వీటిలో 6 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించీ ఉంటుంది. పెరటి మందల్లో పుట్టే పిల్లలన్నిటికీ ఒకటి రెండు పోతులే తండ్రులు. రెండు తరాలు వరసగా బయటి పోతులను వాడితే మందలో నాలుగింట మూడు వంతుల రక్తం ఆ రెండు పోతులదే అవుతుంది.

చిక్కల్లా పాలివ్వని జంతువును పాల కోసం ఎంచుకోవాల్సి రావడమే.

ఒంటి తీరు

పై సంఘం మార్కుల పట్టికలో పాలిచ్చే మేకకు రూపానికి 35, పాడి లక్షణానికి 20, శరీర సామర్థ్యానికి 10, పొదుగుకు 35 మార్కులు. పోతుకు పొదుగు లేదు కనుక ఆ 35 మార్కులూ మిగతా మూడింటికి పంచి 55, 30, 15 చేశారు. అంటే ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చుకున్న పోతు గురించి కూడా అసలు ప్రశ్నకు జవాబు దొరకనట్టే. కొన్ని ఆనవాళ్లు మాత్రం ఉన్నాయి. వెనక కాళ్ల మధ్య ఎడం వెడల్పుగా, తొడల నడుమ వంపు ఎత్తుగా ఉంటే కూతుళ్ల పొదుగుకు చోటు ఉంటుందని ఆశించవచ్చు. పోతుకూ రెండు చిన్న చన్నులుంటాయి. మూడోది కనిపించినా, ఒకటి చీలినట్టున్నా ఆ పోతును పక్కన పెట్టాలి. వృషణాలు రెండూ దిగి, సమానంగా, గట్టిగా ఉండాలి.

వీటన్నిటికన్నా పోతు తల్లిని చూడటం మేలు. సన్నని చన్నులు, ఇరుకు రంధ్రాలు ఈ జాతిలో తరచూ కనిపించే లోపం. కొనబోయేవారు తల్లిని ఒక పూట స్వయంగా పితికి చూస్తే, ఏ ధ్రువపత్రమూ చెప్పనిది వేళ్లకే తెలుస్తుంది.

కూతుళ్ల లెక్క

తుది తీర్పు కూతుళ్లదే. ఎనిమిది మేకల మందలో ఒక కాలానికి పదహారు పిల్లలు పుడితే ఆడవి ఎనిమిది. అమ్మకాలు పోగా పాలకు వచ్చేవి నాలుగో ఐదో. పాల దిగుబడిలో మేకకూ మేకకూ ఉండే తేడాలో 30 శాతం వంశం వల్ల వస్తుందనుకుంటే, నలుగురు కూతుళ్లతో వేసే అంచనా విశ్వసనీయత 25 శాతం దగ్గరే ఆగిపోతుంది. సగానికి చేరాలంటే పన్నెండు మంది కావాలి. వెన్న శాతంలో వంశం వాటా ఇంకా ఎక్కువ కనుక ఆ సంగతి తక్కువ మంది కూతుళ్లతోనే తేలుతుంది.

కూతురిని తల్లితో పోల్చేటప్పుడు మొదటి ఈతను మొదటి ఈతతోనే పోల్చాలి. మూడో ఈత తల్లి పక్కన తొలిచూలు కూతురు ఎప్పుడూ వెలతెలబోతుంది. ఇంకో మోసం దీనికి ఎదురుది. మందలోని నాసిరకం మేకలకే కట్టించిన పోతు ఏమంత మంచిది కాకపోయినా, కూతుళ్లు తల్లులను మించినట్టే కనిపిస్తాయి. తల్లుల్లో మంచివీ, చెడ్డవీ రెండూ ఉండేలా జతలు కుదిర్చి, అదే ఏడాది అదే మేత తిన్న ఇతర పోతుల కూతుళ్లతో కూడా పోల్చి చూస్తేనే లెక్క నిలుస్తుంది. నెలనెలా తూచి నమోదు చేసిన పాలే ఇందుకు ఆధారం, జ్ఞాపకం కాదు.

పరీక్షలు

వెంట్రుకల కుదుళ్లతో చేసే జన్యు పరీక్ష పాలలోని ఆల్ఫా ఎస్1 కేసీన్ అనే మాంసకృత్తు రకాన్ని చెబుతుంది. ఏ, బీ రకాలుంటే జున్నుకు పనికొచ్చే ఆ మాంసకృత్తు ఎక్కువగా తయారవుతుంది. ఆ జన్యువు రెండు ప్రతులూ మంచివైన పోతు ప్రతి పిల్లకూ ఒకటి ఇచ్చి తీరుతుంది. పుట్టుకతో కొమ్ములు లేని పోతును కొమ్ములు లేని మేకతో కట్టించకూడదు. ఆ లక్షణాన్ని ఇరువైపుల నుంచీ పొందిన ఆడపిల్లలు ఆడా మగా కాని గొడ్డులవుతాయి. మందలోకి తెచ్చేముందు సీఏఈ (కేప్రైన్ ఆర్థ్రైటిస్ ఎన్‌సెఫలైటిస్) వైరస్‌కు రక్తపరీక్ష తప్పనిసరి. వీర్యకణాలు తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. కాబట్టి జ్వరపడి లేచిన పోతుతో మేకలు చూడి కట్టకపోతే, తీసేసే ముందు రెండు నెలలు ఆగి మళ్లీ చూడాలి.

కాలంతో పేచీ

ఏడెనిమిది నెలల వయసులో వాడిన పోతుకు మరో ఐదు నెలలకు పిల్లలు పుడతాయి. ఆ కూతుళ్లు పెరిగి, ఈని, ఒక ఈత పాలు పూర్తిగా ఇచ్చేసరికి తండ్రికి మూడున్నర, నాలుగేళ్లు వస్తాయి. అప్పటికి మందలో సగం దాని కూతుళ్లే. తండ్రిని కూతురితో కట్టిస్తే పుట్టే పిల్లకు అంతఃప్రజనన గుణకం 25 శాతం, సవతి తోబుట్టువులను కలిపితే 12.5 శాతం. అందుకే చాలామంది పోతు విలువ తేలేలోపే దాన్ని అమ్మేస్తారు. అది తెలివైన పని కాదు. ఇద్దరు ముగ్గురు పెంపకందారులు కలిసి పోతులను మార్చుకుంటే, ఒకరి దగ్గర పని ముగిసిన పోతు ఇంకొకరి దగ్గర బతికి ఉంటుంది, కూతుళ్ల లెక్కా పెరుగుతుంది. అది కుదరనప్పుడు పోతు పడుచుగా ఉండగానే వీర్యం సేకరించి ద్రవ నైట్రోజన్‌లో నిల్వ చేయిస్తారు. నాలుగేళ్ల తర్వాత కూతుళ్లు మంచివని తేలితే, ఆ వీర్యంతో బయటి నుంచి తెచ్చిన మేకలను చూడి కట్టిస్తారు.