ఓరుగల్లు పూటకూటిల్లు: రూక సాక్ష్యం

కాకతీయుల ఓరుగల్లులో వెలకు దొరికే భోజనానికి ఆధారంగా పరిశోధకులు తరచు చూపేది, వినుకొండ వల్లభరాయని పేర వెలసిన 'క్రీడాభిరామం'లోని లక్ష్మణవజ్ఝల ఇంటి వర్ణన. కప్పురభోగి అన్నం, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు. వెల ఒక రూక. దీనిని యథాతథంగా నాటి విస్తరిగా స్వీకరించడం తొందరపాటు. కప్పురం, గుప్పెడు, పప్పు, లప్ప అన్న మాటల ఎంపికలో 'ప్ప' ప్రాస పాత్ర కాదనలేనిది. పైగా ఇది 1323లో కాకతీయ రాజ్యం పతనమైన తరువాతి రచన. మూలం రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత 'ప్రేమాభిరామం'.

ప్రాస అడగనిది రూక. సత్రంలో అన్నం దానం, ఇక్కడ సరుకు. అదే కావ్యం పూటకూటింటిని జారుల రాయబారాలకు నెలవుగానూ చూపుతుంది. డబ్బిచ్చిన వారెవరైనా కూర్చోగల చోట అటువంటి పరిచయాలకు తావు దొరకడం సహజమే.