మోటుపల్లి రేవులో మాఘమాసం

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు చలికాలంలో కాశీకి వెళ్ళాడంటే లోకం హర్షిస్తుంది. ప్రయాగలో పుష్య పూర్ణిమ మొదలు మాఘ పూర్ణిమ దాకా గంగ ఒడ్డున గుడారంలో ఉండి కల్పవాసం చేశాడంటే చేతులెత్తి నమస్కరిస్తుంది. అదే మనిషి ఊరికి దూరంగా, సముద్రపు ఒడ్డున, సరుగుడు తోట పక్కన గుడారం వేసుకొని నెలన్నర ఉండి వచ్చానంటే మాత్రం, "ఇంట్లో అందరూ కులాసాయేనా మాష్టారూ?" అని గొంతు తగ్గించి అడుగుతుంది. ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న వింటున్నాను. దీనికి నా సమాధానం కొంచెం పొడుగైనది, చాలావరకు చరిత్రతో కూడినది. మిత్రులు ఓపికతో చదువుతారనే నమ్మకంతో ఇక్కడ వ్రాస్తున్నాను.

నేను సూర్యాపేట ప్రాంతపు బడులలో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. పిల్లలమర్రి గుళ్ళ ముందు పిల్లలను కూర్చోబెట్టి కాకతీయుల పాఠం చెప్పినవాణ్ణి. విరమణ తరువాత కొడుకు ఉద్యోగాన్ని అనుసరించి లింగంపల్లి చేరాను. ఇక్కడి అపార్టుమెంట్లలో అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారే. లిఫ్టులో నాలుగు భాషలు వినిపిస్తాయి. ఎవరిని కదిపినా "ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉంటామండీ" అంటారు. ఉద్యోగమున్న వారి సంగతి అది. ఉద్యోగం ముగిసిన నాబోటివాడు ఎంతకాలం ఉంటాడు, ఎక్కడివాడు అనేది మాత్రం ఎవరికీ తోచని ప్రశ్న. కొడుకూ కోడలూ నన్ను ప్రేమగానే చూసుకుంటారు. అయినా మనిషికి తన కాళ్ళ మీద తాను వెళ్ళి, తనకు తోచినప్పుడు తిరిగి రాగల చోటు ఒకటి ఉండాలి. నాకు ఆ చోటు మోటుపల్లి తీరం.

మోటుపల్లి చినగంజాం మండలంలోని చిన్న ఊరు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. చీరాలలో రైలు దిగి, వేటపాలెం మీదుగా దక్షిణంగా వెళితే ఒకవైపు ఉప్పు కొఠారులు, మరొకవైపు సరుగుడు తోటలు, వాటికి ఆవల ఇసుక దిబ్బలు. దిబ్బ దాటితే సముద్రం. ఇంత ఉప్పుసముద్రం పక్కన తాగునీరెక్కడిదని అడుగుతారు. అది ఆ ఇసుక మహిమ. వానాకాలంలో కురిసిన నీరు ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి కన్నా తేలికైనది కనుక దానిపై తేలి నిలుస్తుంది. అక్కడివారు లోతులేని దొరువులు తవ్వి ఆ తీపినీటిని తోడుకుంటారు. ఆశపడి లోతుగా తవ్వితే ఉప్పునీరు పైకి వస్తుంది. మితం తెలిసినవాడికే అక్కడ మంచినీళ్ళు.

ఇక కాలం సంగతి. చలికాలమంటే మనకు కార్తికం నుంచే లెక్క. కానీ ఆ తీరంలో కార్తిక, మార్గశీర్షాలు తుఫాను నెలలు. ఈశాన్య ఋతుపవనాల కాలమది. 1864 నవంబరులో మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెన దాదాపు ముప్పైవేల మందిని బలి తీసుకుంది. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగిన ఘోరం మా తరానికి ఇంకా కళ్ళ ముందే ఉన్నది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్లకు దగ్గరలోనే తీరం దాటింది. అందువల్ల నా మొదటి ఏడే అక్కడి పల్లెకారుల పెద్ద ఒకాయన, "సంకురాత్రి పోయినాక రాండి పంతులుగారూ, అప్పటిదాకా సముద్రం మన మాట వినదు" అని హెచ్చరించాడు. ఆ మాట ప్రకారమే సంక్రాంతి వెళ్ళిన తరువాత బయలుదేరి, మాఘమాసమంతా ఉండి, ఎండలు ముదరకముందే తిరిగి వస్తాను. అప్పటికి గాలి నెమ్మదిస్తుంది, నీరు తేరుకుంటుంది. రాత్రివేళల్లో సముద్రపు తాబేళ్ళు ఒడ్డెక్కి ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెట్టి, వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతాయి.

ఈ తుఫానుల సంగతి ఇంతగా ఎందుకు చెప్పానంటే, మోటుపల్లి చరిత్రకు మూలం అదే. గాలివాన ఓడను పగలగొట్టి ఒడ్డుకు విసిరితే అందులోని సరుకు ఎవరిది? ఏనుగులు, గుర్రాలు, బంగారం, రత్నాలు ఏవి ఒడ్డుకు కొట్టుకొచ్చినా పూర్వపు రాజులు అన్నింటినీ బలవంతంగా లాక్కొనేవారు. ప్రాణాలతో బయటపడిన వర్తకుడు కట్టుబట్టలతో ఇసుక మీద మిగిలేవాడు. ఈ మాట నేను చెప్పడం లేదు. శకవర్షం 1166లో, అంటే సామాన్య శకం 1244-45లో, కాకతి గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసనమే చెబుతున్నది. మోటుపల్లి వీరభద్రస్వామి ఆలయంలో నేటికీ ఉన్న ఈ శాసనాన్ని చరిత్రకారులు అభయశాసనమంటారు.

దాని సారాంశం ఇది. సముద్రం మీద ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరి, గాలికి చిక్కి ఓడలు పగిలి తీరం చేరినవారి సొత్తును ఇకమీదట రాజు ముట్టడు. నియతమైన సుంకం మాత్రమే తీసుకుంటాడు. ప్రాణాల కన్నా ధనమే గొప్పదని తలచి ఇంత సాహసానికి పూనుకొన్నవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం ఈ అభయం ఇస్తున్నానని రాజు కారణం కూడా చెప్పాడు. ఎగుమతులకైనా దిగుమతులకైనా సుంకం ముప్పై పాళ్ళలో ఒక పాలు. మంచిగంధం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, తగరం, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు, ఇలా ఒక్కొక్క సరుకుకూ లెక్క కట్టి రాతి మీద చెక్కించాడు. రేపు అధికారి మారినా లెక్క మారకూడదనేగా రాతి మీద వ్రాయించడం!

ఓరుగల్లు సముద్రానికి ఎంత దూరమో మనకు తెలుసు. మెట్టనేలల మధ్య చెరువులు తవ్వించిన వంశపు రాజుకు ఓడపగిలినవాడి బాధ పట్టింది. అందులో ఖజానా లెక్క కూడా ఉన్నది, కాదనను. ఒడ్డున దోపిడీ ఉంటే ఏ ఓడా రాదు. ఓడ రాకపోతే ఓరుగల్లు సేనకు గుర్రం రాదు. అయితే లాభం తెలిసిన రాజులు చాలామంది ఉన్నారు. లాభాన్ని ధర్మంతో ముడివేసి, తన చేతులను తానే కట్టుకొన్నవాడు అరుదు.

ఆ అభయం ఎంత పనిచేసిందో చెప్పే సాక్షి వెనీసు నుంచి వచ్చాడు. పదమూడవ శతాబ్దం చివరలో చీనా నుంచి సముద్రమార్గాన తిరిగి వెళుతూ మార్కోపోలో ఈ తీరం గురించి వ్రాశాడు. మోటుపల్లి అతని నోట ముత్ఫిలి అయింది. ఇక్కడి వజ్రాలను, సాలెగూటి దారాల వంటి సన్నని వస్త్రాలను అతడు మెచ్చుకొన్నాడు. ఒక రాణి న్యాయంగా పాలిస్తున్నదని కీర్తించాడు. ఆమెను చనిపోయిన రాజు భార్యగా చెప్పడం అతని పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి. లోయలలోకి మాంసపు ముక్కలు విసిరి, గద్దలు తెచ్చిన వాటి నుంచి వజ్రాలు ఏరుకొంటారనే కథ కూడా అందులో ఉంది. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు వెనుక బల్లల పిల్లలు కూడా నిద్ర లేచేవారు.

కాకతీయ సామ్రాజ్యం 1323లో కూలింది. రేవు చితికింది. దానిని మళ్ళీ నిలబెట్టినవారు కొండవీటి రెడ్డిరాజులు. అనపోతారెడ్డి శకవర్షం 1280లో, అంటే 1358లో, అదే మోటుపల్లిలో మరో శాసనం వేయించాడు. సంస్కృతంతో, తెలుగుతో పాటు తమిళంలో కూడా వ్రాయించాడంటే అక్కడికి ఎవరెవరు వచ్చేవారో ఊహించుకోవచ్చు. వచ్చి కాపురముండదలచిన వర్తకులకు భూమి ఇస్తాం, వెళ్ళిపోదలచినప్పుడు ఆపము, సరుకును ఇష్టమైనవారికి అమ్ముకోవచ్చు, కొడుకులు లేకుండా పోయినవారి ఆస్తిని లాక్కొనే అపుత్రికదండం రద్దు చేస్తున్నాం, గంధం మీద సుంకం తగ్గిస్తున్నాం అని అందులోని హామీలు. వీటన్నింటిలో నన్ను కట్టిపడేసింది రెండో హామీ. రమ్మనేవారు లోకంలో చాలామంది ఉంటారు. వెళతానన్నప్పుడు దారి వదిలేవారు తక్కువ. తెరచాప ఓడల కాలంలో వచ్చినవాడు గాలి మళ్ళేదాకా ఆగవలసిందే. అలా ఆగినవాడు ఖైదీ కాదు, అతిథి అని చెప్పిన మాట అది.

ఆ వ్యాపారపు వైభవం మన సాహిత్యంలోకి కూడా వచ్చింది. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయ్యసెట్టి కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు. సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనా పట్టు అతని సరుకులని ఆ కావ్యపు పీఠిక చెబుతుంది. తరువాతి శతాబ్దాలలో మోటుపల్లి రేవు మరుగున పడింది. పదిహేడవ శతాబ్దం నాటికి గోల్కొండ సుల్తానుల ఓడలు మచిలీపట్నం నుంచి సాగేవి. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఆ తీరానికే వచ్చారు. లింగంపల్లి నుంచి గోల్కొండ కోటకు వెళ్ళినప్పుడల్లా, ఈ రాళ్ళకోట కూడా ఏదో ఒక ఇసుకతీరాన్ని నమ్ముకొని బతికిందే కదా అనుకొంటాను.

అదే ఇసుకనేల మీద మరొక చలికాలం కథ ఉంది. అది విహారం కాదు, పోరాటం. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘం చేయగా పన్ను అనేక రెట్లు పెరిగింది. ఎక్కువమంది నేతగాళ్ళు, చిన్న సంసారులు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో వేలాదిమంది ఇళ్ళు విడిచి, పురపాలక సంఘం హద్దులకు అవతల పాకలు వేసుకొన్నారు. దానికి రామనగరమని పేరు పెట్టారు. ఎండలకు, వానలకు, చలికి ఓర్చుకొని పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాల జైలు పాలైన తరువాత కూడా ఆ పాకలు వెంటనే ఖాళీ కాలేదు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూడండి. సుంకానికి హద్దు గీసి రాతి మీద వ్రాసిన కాలంలో, ముఖం తెలియని పరదేశులు ఏడు సముద్రాలు దాటి ఈ ఒడ్డుకు చేరారు. పన్నుకు హద్దు లేని కాలంలో, సొంత ఊరివారే ఇళ్ళు వదిలి పాకలలోకి వెళ్ళారు. నడుమ ఉన్నవి ఏడు వందల ఏళ్ళు, కొద్ది మైళ్ళు. పాలనను కొలవడానికి నాకు ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకలేదు.

ఇంక నేను అక్కడ ఏం చేస్తానంటారా? తెల్లవారకముందే సముద్రస్నానం. అలివి వల లాగేవారితో కాసేపు ముచ్చట. ఎండెక్కేలోగా వేటపాలెం. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాలు అంత భద్రంగా నిలిచిన చోట్లు మన నేలపై కొద్దిగానే ఉన్నాయి. సాయంకాలానికి గుడారం చేరి, ఆనాడు వ్రాసుకొన్నది లాంతరు వెలుగులో సరిచూసుకొంటాను. కొడుకు రోజూ ఫోను చేసి, "నాన్నా, మందులు వేసుకున్నావా?" అని అడుగుతాడు, వేసుకున్నానని చెబుతాను. ఎప్పుడొస్తావని మాత్రం అడగడు. అనపోతారెడ్డి శాసనం వాడు చదవలేదు, అయినా దాని సారం వాడికి అబ్బింది.

మిత్రులలో ఎవరైనా ఆ వైపు వెళితే వీరభద్రాలయంలోని శాసనాన్ని తప్పక చూడండి. అక్షరాలపై చేయి వేయకండి, చేతి చెమట, నూనె రాతికి మంచివి కావు. పక్కగా పడే పొద్దుటి ఎండలో గాట్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఓడలు పోయాయి, రేవు పోయింది, ఆ రాజ్యాలూ పోయాయి. ఒడ్డుకు చేరినవాడిని దోచుకోమన్న మాట మాత్రం ఇంకా అక్కడే నిలిచి ఉంది.