ప్రైవేటు హాస్టళ్ల లైసెన్సు నిబంధనలు: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్

హైదరాబాద్ తూర్పు దిక్కున మూసారంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీనగర్ కూడలి దాకా సాగే ప్రధాన రహదారికి రెండు పక్కలా ఉన్న కాలనీల్లో ఇంటినో గదినో కాక మంచాన్ని అద్దెకిచ్చే పద్ధతి బలంగా నాటుకుంది. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అంటూ గదిలో ఎన్ని మంచాలున్నాయన్నదాన్ని బట్టి నెలసరి ధర ఉంటుంది. తిండి సాధారణంగా అందులోనే కలిసి ఉంటుంది. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవారు, ఆసుపత్రుల్లో నర్సులు, బట్టల షాపుల్లో సేల్స్ పనిచేసేవారు, కొత్తగా ఉద్యోగం దొరికినవారు వీటిలో ఉంటారు. విజయవాడ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు కలిసేది ఎల్బీనగర్‌లోనే కాబట్టి నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచీ కోస్తా నుంచీ వచ్చేవారికి నగరం ఇక్కడే మొదలవుతుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక ఇక్కడ పడుకుని నగరం అవతలి కొసన పనిచేయడమూ వీలైంది. 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసే దాకా ఎల్బీనగర్, గడ్డిఅన్నారం వేర్వేరు పురపాలక సంఘాలు. వాటి హయాంలో ఒక్కో కుటుంబం కోసం గీసిన ప్లాట్లలోనే ఇప్పుడు చాలా హాస్టళ్లు నడుస్తున్నాయి. వీటికి వర్తించే నిబంధనలు తక్కువేమీ కాదు. కానీ వాటిలో ఒక్కటీ గదిలో ఎంతమంది పడుకుంటున్నారో లెక్కపెట్టదు. లెక్కించాల్సింది మనుషుల్ని. లైసెన్సు ఆ లెక్క మీదే నిలబడాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఇప్పుడున్న ఏర్పాటులో హాస్టల్ ఒక్కో శాఖకు ఒక్కో రూపంలో కనిపిస్తుంది. 1955 నాటి జీహెచ్‌ఎంసీ చట్టం 521వ సెక్షన్ కింద అది ట్రేడ్ లైసెన్సు తీసుకోవాల్సిన వ్యాపారం. ఆ లైసెన్సు రుసుము ముందున్న రోడ్డు వెడల్పును, వాడుకునే చదరపు అడుగులను బట్టి వేస్తారు. పన్నెండు మంచాలు వేసినా ముప్పై వేసినా, రోడ్డు అదే, వైశాల్యం అదే అయితే రుసుమూ అంతే. ఆహార భద్రత శాఖకు అది వంటగది: 2006 చట్టం ప్రకారం రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి, పప్పులో పురుగులున్నాయా, ఫ్రిజ్‌లో ఏముంది అని ఆ శాఖ చూస్తుంది. ఆస్తి పన్ను విభాగానికి అది నివాసమా, నివాసేతరమా అన్నదొక్కటే ప్రశ్న. అగ్నిమాపక శాఖకు సంబంధించిన 1999 చట్టం మాత్రం ఎత్తు చూస్తుంది. నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితే ఆ శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) తప్పనిసరి. సినిమా హాళ్లు, బడుల వంటి జనం గుమిగూడే చోట్లకు వేరే కొలత ఉంది. స్టిల్ట్ మీద అయిదంతస్తులు లేపినా 18 మీటర్ల లోపే ముగించవచ్చు. కుటుంబాల కోసమని అనుమతి తెచ్చుకున్న భవనం కాగితాల మీద నివాసంగానే ఉండిపోతుంది. అంతస్తుకు రెండు కుటుంబాల చొప్పున నలభై మంది ఉండాల్సిన చోట నూటయాభై మంది పడుకున్నా, ఎత్తు పెరగలేదు గనక ఎన్‌వోసీ ప్రశ్న పుట్టదు.

ఎత్తు ఒక్కటే ప్రమాదానికి కొలత కాదని ఈ నగరమే చూసింది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి 8 మంది చనిపోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో, కింది భాగంలో రసాయనాల డ్రమ్ములు నిల్వ ఉంచిన అపార్టుమెంటులో కనీసం 9 మంది ప్రాణాలు పోయాయి. రెండూ ఆకాశాన్నంటే మేడలు కావు. నిప్పు కింద పుట్టింది, పొగ పైకెక్కింది, పైనున్నవాళ్లకు దారి లేకపోయింది. దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీల్లోని మామూలు హాస్టల్ కట్టడాన్ని వీటి పక్కన పెట్టి చూడాలి. మెట్లు ఒక్కటే దారి. ఆ మెట్ల కిందే బైకులు. దొంగల భయంతో బాల్కనీలకు ఇనుప గ్రిల్స్, ఆడపిల్లల హాస్టలైతే రాత్రి గేటుకు తాళం. స్టిల్ట్‌లోనో టెర్రస్ మీద రేకుల షెడ్డులోనో గ్యాస్ పొయ్యిలు. హాలును ప్లైవుడ్‌తో చీల్చి చేసిన గదికి కిటికీయే ఉండదు. వీటిలో ఏ ఒక్కటీ ఎత్తుతో వచ్చిన ముప్పు కాదు, అన్నీ తలల లెక్కతో పెరిగే ముప్పులే. నీటి ముప్పూ ఇలాంటిదే. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు కింది కోదండరాంనగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి మునిగాయి. అలాంటి చోట సెల్లార్‌లో మంచాలు వేయకూడదని చెప్పడానికి ఇంజినీరింగ్ నైపుణ్యం అక్కర్లేదు, అడిగే అధికారం ఒకరికి ఉంటే చాలు.

కట్టడం సంగతి అలా ఉంటే, అందులో ఉండే మనిషి హోదా ఇంకా బలహీనం. 1960 నాటి ఇళ్ల అద్దె నియంత్రణ చట్టం తెలంగాణకు ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చింది. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలు దాని రక్షణ నుంచి బయటికి పోయాయి. అద్దె ఆ లోపున్నా హాస్టల్‌వాసికి ఒరిగేది తక్కువే: గది తాళం యజమాని చేతిలో ఉండి, పక్క మంచంలో ఎవరుండాలో కూడా ఆయనే నిర్ణయించే చోట ఉన్నవారిని చట్టం కిరాయిదారుగా కాక, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో చెప్పినట్టు అనుమతితో ఉంటున్నవారిగానే చూస్తుంది. అనుమతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. దాని అర్థం 2020 మార్చి 25న నగరమంతా చూసింది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన ఆ రోజు చాలా హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పోలీసు స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం యువతీయువకులు బారులు తీరారు. ఆ పత్రాలు పట్టుకుని బయల్దేరినవారిని రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపేశారు. హాస్టళ్లు మూయొద్దని ప్రభుత్వం అప్పటికప్పుడు ఆదేశించాల్సి వచ్చింది. లైసెన్సు షరతుల్లో ఖాళీ చేయించే ముందు ఇన్ని రోజుల గడువు ఇవ్వాలన్న ఒక్క వాక్యం ఉంటే ఆ ఆదేశం అవసరమే ఉండేది కాదు. హాస్టల్ నివాసమా, వ్యాపారమా అన్న సందేహం పన్నుల విషయంలో ఇప్పటికే చాలావరకు తీరింది. మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు, కనీసం 90 రోజులు వరసగా ఉండే వసతికి జీఎస్టీ మినహాయించాలని 2024 జూన్ 22న జీఎస్టీ మండలి సిఫారసు చేసింది. పన్ను వేసేటప్పుడు ఇల్లుగా గుర్తించినదాన్ని వెళ్లగొట్టేటప్పుడు కూడా ఇల్లుగానే గుర్తించాలి.

ఈ ప్రాంతంలో హాస్టళ్ల మీద నిఘా లేదనలేం. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గరా మిర్చి సెంటర్ దగ్గరా జరిగిన జంట పేలుళ్ల తర్వాత అద్దెకున్నవారి వివరాలు పోలీసులకివ్వడం మీద పట్టింపు పెరిగింది. ఆధార్ నకలు, ఫొటో, ఊరి చిరునామా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు హాస్టల్ రిజిస్టరుకెక్కుతాయి. అంత ఘోరం జరిగిన చోట ఆ జాగ్రత్త న్యాయమైనదే. అయితే తనిఖీ అంతా మంచం మీద ఉన్నవారి గురించే. ఆ మంచం ఎలాంటి గదిలో ఉందో, ఆ భవనం ఎవరిదో, నడిపేవారెవరో చూసుకోవడానికి చేరబోయే విద్యార్థి తండ్రికి ఏ జాబితా అందుబాటులో ఉంది?

తలల లెక్కతో లైసెన్సు ఇవ్వడం కొత్త ఊహ కాదు. ఇంగ్లండ్‌లో 2004 గృహ చట్టం కింద 2006 నుంచి ఉమ్మడి వసతి ఇళ్లకు లైసెన్సు తప్పనిసరి అయింది. మొదట మూడంతస్తులు, ఆపైన ఉన్న ఇళ్లకే వర్తించింది. 2018 అక్టోబరు 1 నుంచి ఆ అంతస్తుల షరతు ఎత్తేసి, వేర్వేరు కుటుంబాలకు చెందిన అయిదుగురు, ఆపైన ఉంటే చాలన్నారు. అంటే మనం ఇప్పటికీ పట్టుకు వేలాడుతున్న ఎత్తు కొలతను వాళ్లు వాడి చూసి వదిలేశారు. ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరిదైతే 10.22 ఉండాలి. ఇంగ్లండ్‌లోనే లెస్టర్ నగరం 2022 అక్టోబరులో కొన్ని ప్రాంతాలను ఎంచుకుని, అక్కడ మామూలు అద్దె ఇళ్లకూ లైసెన్సు పెట్టింది. మన పొరుగునే బెంగళూరు నగరపాలిక 2024 ఆగస్టులో పేయింగ్ గెస్ట్ (పీజీ) వసతులకు నిబంధనలిచ్చింది: మనిషికి 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీరు, సీసీ కెమెరాలు, ఇరవైనాలుగు గంటలూ సిబ్బందిలో ఒకరు. ఆ 70 చదరపు అడుగులను మార్చి చూస్తే దాదాపు ఇంగ్లండ్ చెప్పిన 6.51 చదరపు మీటర్లే. ఒక మనిషి పడుకుని, పుస్తకం పెట్టుకుని, గాలి పీల్చుకోవడానికి ఎంత చోటు కావాలో దేశాన్ని బట్టి మారదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనది. నాలుగు మంచాల గదిలో రెండే వేయమంటే అద్దె రెట్టింపవుతుంది, పరీక్షకు చదివే పేదింటి పిల్లకు నగరమే దక్కకుండా పోతుంది. నిజమే, స్థలం కొలతను ఒక్కరోజులో రుద్దితే జరిగేది అదే. కానీ ప్రాణాలు నిలిపే షరతులన్నీ స్థలాన్ని తగ్గించేవి కావు. గ్రిల్‌లో లోపలినుంచి తెరుచుకునే తలుపు, మెట్ల కింద బైకులు పెట్టకపోవడం, అంతస్తుకో పొగ గంట, పడక గదులకు దూరంగా గ్యాస్ బండలు — వీటి ఖర్చును మంచాలకు పంచితే నెలకు పడేది స్వల్పం. కాబట్టి రెండు గడువులు పెట్టాలి: తప్పించుకునే దారికి నెలలు, గది కొలతకు ఏళ్లు. పైగా ఇప్పుడు చవగ్గా దొరుకుతున్న మంచంలో కొంత భాగం ముప్పును విద్యార్థి నెత్తిన వేసి తగ్గించిన ధరే.

రెండో అభ్యంతరం లంచం గురించి. ఇంకో లైసెన్సంటే ఇంకో మామూలు అంటారు, అనుభవం మీదే అంటారు. చట్టం రాసినంత మాత్రాన పని కాదన్నదానికి సాక్ష్యం తమిళనాడులోనే ఉంది. మహిళల, పిల్లల హాస్టళ్ల కోసం 2014లోనే అక్కడ ప్రత్యేక చట్టం వచ్చింది. అయినా 2024 సెప్టెంబరు 12న మదురైలో మహిళల హాస్టల్‌లో మంటలు రేగి ఇద్దరు చనిపోయారు. అందుకే తనిఖీ అధికారి ఒక్కడి మీదే భారం మోపే లైసెన్సు చాలదు. ఇంగ్లండ్ చట్టంలో మనం తెచ్చుకోవాల్సిన భాగం ఇక్కడుంది: లైసెన్సు లేకుండా ఇల్లు నడిపితే కట్టిన అద్దెను వెనక్కి ఇప్పించమని అందులో ఉన్నవారే ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. అధికారిని మెత్తబరచవచ్చు గానీ, తమ డబ్బు తిరిగొస్తుందని తెలిసిన వందమందిని మెత్తబరచడం కష్టం. దానికితోడు ప్రతి హాస్టల్ గేటు మీద లైసెన్సు నంబరు, అనుమతించిన మంచాల సంఖ్య తెలుగులో రాసి పెట్టాలి. గదిలో ఎన్ని మంచాలున్నాయో లెక్కపెట్టడం అక్కడ పడుకునే ఎవరికైనా వస్తుంది.

లైసెన్సు ఎవరి పేరున ఉండాలన్నది కూడా తేల్చుకోవాలి. ఇక్కడ చాలాచోట్ల భవన యజమాని ఒకరు, మొత్తాన్ని లీజుకు తీసుకుని హాస్టల్ నడిపేది ఇంకొకరు. ప్రమాదం జరిగితే మెట్లు నావి కావని ఒకరు, మనుషులు నావాళ్లు కాదని ఇంకొకరు తప్పుకుంటారు. కట్టడానికి యజమాని, మంచాల సంఖ్యకు నిర్వాహకుడు జవాబుదారీ అయ్యేలా ఇద్దరూ ఒకే లైసెన్సు మీద సంతకం చేయాలి. ఇక ఒక్కసారే ఇన్ని హాస్టళ్లను ఎలా తనిఖీ చేస్తారన్న ప్రశ్నకు స్కాట్లండ్ ఒక దారి చూపింది. 1999లో గ్లాస్గోలో కిటికీలకు ఇనుప కడ్డీలున్న ఇంట్లో మంటలు రేగి ఇద్దరు విద్యార్థులు చనిపోయాక, మరుసటి ఏడాది అక్కడ లైసెన్సు తప్పనిసరి చేశారు. ముందు పెద్ద ఇళ్లతో మొదలుపెట్టి, ఏటా ఆ సంఖ్యను తగ్గిస్తూ 2003 నాటికి ముగ్గురుండే ఇంటి దాకా వచ్చారు. ఇక్కడ మొదటి ఏడాది నూరు మంచాలు దాటిన హాస్టళ్లు, రెండో ఏడాది యాభై దాటినవి, ఆ తర్వాత ఇరవై దాటినవి అని వెళితే ఒక్క సర్కిల్ సిబ్బందితో మొదలుపెట్టవచ్చు. చైతన్యపురి, కొత్తపేట మెట్రో స్తంభాల పక్కనున్న పెద్ద భవనాల దగ్గర ఆ మొదటి ఏడాది పని మొదలవ్వాలి. గదులుగా చీల్చిన ఇళ్లు ఎక్కువున్న లోపలి గల్లీలకు మూడో ఏడాదికి చేరవచ్చు.