అమర్దా రోడ్ వైమానిక స్థావరం

అమర్దా రోడ్ వైమానిక స్థావరం ఒడిషా రాష్ట్రంలోని మయూర్‌భంజ్ జిల్లాలో రస్‌గోవింద్‌పూర్ గ్రామం వద్ద ఉన్న పాత సైనిక విమానాశ్రయం. దీనిని రస్‌గోవింద్‌పూర్ విమానాశ్రయం అని కూడా అంటారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో దీనిని నిర్మించారు. బర్మాలో జపాను సేనలతో పోరాడే విమాన చోదకులకు, బాంబరు విమానాల సిబ్బందికి ఇక్కడ శిక్షణ ఇచ్చేవారు. 1945 జూలై 26న ఒక శిక్షణ అభ్యాసంలో రెండు లిబరేటర్ బాంబర్లు గాలిలో ఢీకొని 14 మంది మరణించారు. యుద్ధకాలంలో శత్రువు ప్రమేయం లేకుండా జరిగిన ప్రాణనష్టానికి ఈ ప్రమాదం ఒక ముఖ్య ఉదాహరణ.

ఉనికి, పేరు

ఈ స్థావరానికి అమర్దా రోడ్ రైల్వే స్టేషను పేరు పెట్టారు. ఈ స్టేషను హౌరా - చెన్నై ప్రధాన మార్గంలో, బాలాసోర్ జిల్లాలో, జలేశ్వర్, బస్తా స్టేషన్ల మధ్య ఉన్నది. విశాఖపట్నం నుండి కోల్‌కతా వెళ్ళే రైళ్ళు దీని మీదుగానే పోతాయి. స్థావరం మాత్రం పక్కనే ఉన్న మయూర్‌భంజ్‌లో ఉన్నది. యుద్ధకాలంలో మయూర్‌భంజ్ ఒక సంస్థానం. 1949 జనవరి 1న అది ఒడిషాలో విలీనమైనది.

నేపథ్యం

1942 మార్చిలో రంగూన్ నగరం జపాను వశమైనది. అదే సంవత్సరం ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల పైన బాంబులు వేశాయి. డిసెంబరులో కలకత్తా పైన దాడులు జరిగాయి. అంతవరకు వాయవ్య సరిహద్దు వైపు దృష్టి పెట్టిన బ్రిటిష్ ప్రభుత్వం తూర్పు తీరాన్ని పటిష్ఠం చేయవలసి వచ్చినది. తక్కువ కాలంలో దేశమంతటా అనేక విమాన స్థావరాలు నిర్మించారు. విజయవాడ సమీపంలోని గన్నవరం విమానాశ్రయం కూడా ఈ కాలంలో సైనిక అవసరాల కొరకు ఏర్పడినదే.

బెంగాల్‌లోని మేదినీపూర్ జిల్లాలో శాల్బని, దిగ్రి మొదలైన చోట్ల భారీ బాంబర్ల స్థావరాలు ఏర్పడ్డాయి. వీటికి దక్షిణంగా, యుద్ధరంగానికి కొంత దూరంగా ఉన్న అమర్దా రోడ్‌ను శిక్షణ కొరకు ఎన్నుకున్నారు. ఇక్కడి రన్‌వే పొడవు మూడు కిలోమీటర్లకు పైగా ఉన్నది. ఆ కాలంలో ఆసియాలోని అతి పొడవైన రన్‌వేలలో ఇది ఒకటని చెబుతారు.

శిక్షణ

1943లో ఇక్కడ వైమానిక యుద్ధ శిక్షణ దళం ఏర్పడినది. బ్రిటన్ గగనతల యుద్ధంలోను, బర్మాలోను పోరాడి పేరు పొందిన వింగ్ కమాండర్ ఫ్రాంక్ కేరీ దీనికి తొలి అధిపతి. యుద్ధంలో అనుభవం గడించిన చోదకులు ఇక్కడ బోధకులుగా ఉండేవారు.

మొదట ఈ శిక్షణ యుద్ధ విమాన చోదకుల కొరకు ఉద్దేశించినది. తరువాత బాంబరు సిబ్బంది కూడా ఇక్కడికి రాసాగారు. శిక్షణలో ముఖ్యాంశాలు ఇవి:

* ఒక విమానం పొడవైన తాడుతో లాగుకొనిపోయే గుడ్డ గొట్టం పైన తుపాకీ గురి అభ్యసించడం.
* బాంబర్ల పైకి యుద్ధ విమానాలు దాడికి వచ్చినట్లు నటించగా, తుపాకీలకు బదులు కెమెరాలతో గురి చూడడం. తీసిన చిత్రాలను తరువాత పరిశీలించి ఎవరి గురి ఎంత సరిగా ఉన్నదో నిర్ణయించేవారు.
* అనేక బాంబర్లు ఒకదానికొకటి దగ్గరగా, ఒకే వరుసక్రమంలో ఎగరడం.

మూడవ అంశం బాంబరు సిబ్బందికి ప్రాణరక్షణకు సంబంధించినది. ఒంటరిగా ఎగిరే బాంబరును యుద్ధ విమానాలు సులభంగా కూల్చగలవు. గుంపుగా ఎగిరినపుడు అన్ని విమానాల తుపాకీలు ఒకదానికొకటి రక్షణగా ఉంటాయి. గుంపు ఎంత దగ్గరగా ఉంటే రక్షణ అంత ఎక్కువ. ఢీకొనే ప్రమాదం కూడా అంతే ఎక్కువ.

లిబరేటర్ బాంబరు

కన్సాలిడేటెడ్ బి-24 లిబరేటర్ అమెరికాలో తయారైన నాలుగు ఇంజన్ల భారీ బాంబరు. రెక్కల వెడల్పు 110 అడుగులు. ఒక్కొక్క ఇంజను శక్తి 1,200 అశ్వశక్తి. యుద్ధకాలంలో 18,000కు పైగా లిబరేటర్లు తయారయ్యాయి. చాలా దూరం ఎగరగలిగినందువలన, బంగాళాఖాతం దాటి బర్మా, సయాం, మలయాలలోని లక్ష్యాలను చేరడానికి ఇది బాగా ఉపయోగపడినది. 1944 అక్టోబరులో బెంగాల్ నుండి బయలుదేరిన లిబరేటర్లు పినాంగ్ రేవులో మందుపాతరలు వేసి తిరిగి వచ్చాయి. రాను పోను దూరం సుమారు 3,000 మైళ్ళు.

అయితే దీనిని నడపడం సులభం కాదు. నియంత్రణ పరికరాలు బరువుగా ఉండేవి. చోదకుడు చేసిన మార్పుకు విమానం వెంటనే స్పందించేది కాదు. దగ్గరగా ఎగిరే గుంపులో స్థానం నిలుపుకోవడానికి చోదకులు నిరంతరం శ్రమ పడవలసి వచ్చేది. ముందు విమానం ప్రొపెల్లర్ల నుండి వెలువడే సుడిగాలి వెనుక విమానాన్ని కుదిపివేసేది. చోదకుడికి తన విమానానికి క్రింద, వెనుక ఉన్న విమానాలు కనబడవు. ఎడమ వైపు కూర్చున్న చోదకుడికి కుడి పక్కన ఉన్న విమానం కూడా స్పష్టంగా కనబడదు.

1945 జూలై 26 ప్రమాదం

1945 మే నెలలో మిత్రరాజ్యాల సేనలు రంగూన్‌ను తిరిగి స్వాధీనం చేసుకున్నాయి. అయినప్పటికీ మలయా, సింగపూర్ జపాను అధీనంలోనే ఉన్నందున బాంబరు దళాల శిక్షణ ఆగలేదు.

జూలై 26న ఆరు లిబరేటర్లు అమర్దా రోడ్ వద్ద గుంపుగా ఎగిరే అభ్యాసం చేస్తున్నాయి. వాటిలో ఈడబ్ల్యూ 225, ఈడబ్ల్యూ 247 అనే సంఖ్యలు గల రెండు విమానాలు తక్కువ ఎత్తులో ఢీకొని కూలిపోయాయి. 14 మంది వైమానికులు మరణించారు. ఎక్కువ ఎత్తులో ప్రమాదం జరిగితే సిబ్బంది గొడుగు సాయంతో దూకడానికి కొంత వ్యవధి ఉంటుంది. తక్కువ ఎత్తులో ఆ అవకాశం దాదాపు ఉండదు.

అదే రోజున జపాను లొంగిపోవాలని కోరుతూ మిత్రరాజ్యాలు పోట్స్‌డామ్ ప్రకటన వెలువరించాయి. ఆగష్టు 15న జపాను లొంగుబాటును ప్రకటించినది. ప్రమాదానికి, యుద్ధ విరమణకు మధ్య వ్యవధి ఇరవై రోజులు మాత్రమే.

భారతదేశంలో ఇతర శిక్షణ ప్రమాదాలు

లిబరేటర్‌తో పాటు భారతదేశంలో ఎక్కువగా ప్రమాదాలకు లోనైన మరొక బాంబరు డి హావిలాండ్ మస్కిటో. దీని రెక్కలు, శరీరం చాలావరకు కలపతో చేసి జిగురుతో అతికించినవి. దక్షిణ భారతంలో బెంగుళూరు సమీపంలోని యలహంక, తెలుగువారు అధికంగా నివసించే కోలారు ప్రాంతాలలో మస్కిటో దళాలకు శిక్షణ జరిగినది. 82వ స్క్వాడ్రన్ 1944లో కోలారులోనే వల్టీ వెంజెన్స్ డైవ్ బాంబర్ల నుండి మస్కిటోలకు మారినది.

1944లో కొన్ని మస్కిటోలు బాంబింగ్ అభ్యాసంలో డైవ్ చేస్తున్నపుడు రెక్కలు విరిగి గాలిలోనే ముక్కలైపోయాయి. నవంబరులో మస్కిటోలను ఎగరనివ్వకుండా నిలిపివేసి తనిఖీలు చేశారు. తయారీ సంస్థ పంపిన బృందం భారతదేశానికి వచ్చి, వర్షాకాలపు తేమ వలన కలప మార్పు చెందడమే కారణమని తేల్చినది. అయితే ఇంగ్లండులో తరువాత జరిగిన విచారణలో, వర్షాకాలాన్ని ఎన్నడూ చూడని మస్కిటోలలో కూడా ఇటువంటి లోపాలే కనబడ్డాయి. కర్మాగారాలలో జిగురుపని సరిగా జరగలేదని ఆ విచారణ పేర్కొన్నది. విమానం పైన నమ్మకం సడలరాదనే ఉద్దేశంతో ప్రభుత్వం మాత్రం వాతావరణమే ముఖ్య కారణమనే వివరణకు కట్టుబడినది. తరువాత రెక్క పైభాగంలో అతుకు వెంట పలుచని ప్లైవుడ్ పట్టీ అతికించి, నీరు లోపలికి దిగకుండా చేశారు.

శిక్షణలో ప్రాణనష్టం

బాంబరు సిబ్బంది మరణాలలో శిక్షణ ప్రమాదాల వాటా తక్కువ కాదు. బ్రిటిష్ బాంబర్ కమాండ్ యుద్ధకాలంలో 55,573 మందిని కోల్పోయినది. వీరిలో 8,000 మందికి పైగా శిక్షణలోను, ఇతర ప్రమాదాలలోను మరణించినవారు. అమెరికాలో స్వదేశంలో జరిగిన విమాన ప్రమాదాలలోనే సుమారు 15,000 మంది వైమానికులు మరణించారు.

దీనికి ముఖ్య కారణాలు:

* అనుభవం తక్కువగా ఉన్న యువకులను కొద్ది నెలల శిక్షణతో భారీ విమానాలకు పంపడం.
* చిన్న విమానాలకు అలవాటుపడినవారు ఒక్కసారిగా పెద్ద విమానాలకు మారవలసి రావడం.
* యుద్ధరంగంలో బాగా అరిగిపోయిన విమానాలను శిక్షణకు కేటాయించడం.
* యుద్ధ పరిస్థితిని తలపించేలా తక్కువ ఎత్తులోను, దగ్గరగాను ఎగరవలసి రావడం.

వీటిలో చివరిదానిని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. అభ్యాసంలో ప్రమాదాన్ని తగ్గిస్తే యుద్ధంలో ప్రమాదం పెరుగుతుంది.

యుద్ధం తరువాత

యుద్ధం ముగిసిన తరువాత అమర్దా రోడ్ స్థావరాన్ని విడిచిపెట్టారు. రన్‌వే కాంక్రీటు చాలావరకు మిగిలి ఉన్నది. దీనిని పౌర విమానయానానికి ఉపయోగించాలనే ప్రతిపాదనలు 21వ శతాబ్దంలో వచ్చాయి.

భారతదేశంలో మిగిలిపోయిన లిబరేటర్లను కాన్పూర్‌లో పారవేశారు. వాటిలో 40కి పైగా విమానాలను బెంగుళూరులోని హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ మరమ్మత్తు చేసి తిరిగి ఎగిరేలా చేసినది. 1948 నవంబరులో వీటితో భారత వైమానిక దళపు 5వ స్క్వాడ్రన్ ఏర్పడినది. స్వతంత్ర భారతదేశపు తొలి భారీ బాంబర్లు ఇవే. 1968 వరకు ఇవి సేవలో ఉన్నాయి.