పొయ్యి మీద మోపిన నేరం

పాలమూరు చెట్టంతా పల్లె పొయ్యిల్లోనే కాలిపోయిందని చాలాకాలంగా రాస్తూ వస్తున్నారు. 1975లో పరిశోధకుడు ఎరిక్ ఎక్‌హోమ్ వంటచెరకు కొరతను రెండో ఇంధన సంక్షోభంగా చూపించాక ఆ మాటకు ఎక్కడలేని బలమొచ్చింది. ఆత్మకూరు వైపు మైదాన గ్రామాలకు మాత్రం ఈ లెక్క అతకదు.

సంస్థానాల కాలాన్ని త్వరగా దాటేయవచ్చు. చెట్టు దొరది, ఎండుపుల్ల ఊరిది. 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టం, తర్వాత 1967 చట్టం అడవి హద్దును కాగితం మీద గట్టిగా గీశాయి.

పేచీ అంతా 1970ల తర్వాతి కాలం గురించే. ఇంటి పొయ్యికి కావలసింది మణికట్టు లావు పుల్లలు. కంది కట్టె, ఆముదం కట్టె, పిడకలు, గట్టు మీద నరికిన తుమ్మ కొమ్మలు సరిపోయేవి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటిన సర్కారు తుమ్మ కూడా, అందరి తిట్లూ తింటూనే, బీడు భూముల్లో పేదింటి వంటచెరకైంది.

పెద్దమాను సంగతి వేరు. చింతమాను కూలితే దాన్ని రంపంతో మొద్దులుగా కోయాలి. మొద్దు తల మీద నెర్రె ఎటు పోయిందో చూసి ఇనుప మేకు దింపాలి. ముడి అడ్డొస్తే మేకు పక్కకు మార్చి మళ్లీ సమ్మెట వేయాలి. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. బెరడు ఆ తడిని బయటికి పోనివ్వదు, అందుకే చీల్చడం. పేళ్లను రాళ్ల మీద, గాలి ఆడేలా, అడ్డం నిలువు పేర్చాలి. నేలకు తగిలితే చెదలు పడతాయి. ఎండాకాలమంతా ఎండనిచ్చి, మృగశిర లోపు పైన కప్పు వేయాలి. ఇది కొడవలి పట్టుకుని పుల్లలకు పోయే ఆడమనిషి పని కాదు, నలుగురు మగవాళ్ల కూలిపని. ఆ కూలి పెట్టుకోగలిగింది పెళ్లిళ్లవాళ్లు, హోటళ్లు, ఇటుక బట్టీలు.

ఇంకో కారణం పొలం. మోట పోయి కరెంటు మోటారు, ఎద్దు పోయి ట్రాక్టరు వచ్చాక గట్టు మీది చెట్టు అడ్డమైంది. జూరాల నీళ్లు పారిన చోట వరికి నీడ గిట్టదని వేపనూ తుమ్మనూ తీసేశారు. 1988లో లీచ్, మెర్న్స్ అనే పరిశోధకులు ఆఫ్రికా గురించి రాసిందీ దాదాపు ఇదే: చెట్టును తిన్నది ఎక్కువగా సాగే. అయితే నా వాదన మైదానానికే. తలమోపులు అమ్ముకుని బతికిన అమ్రాబాద్ అడవి అంచుకు దీన్ని అంటగట్టను.

1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు గ్యాసు తెచ్చాయి. ఆడవాళ్ల కళ్లకు పొగ తగ్గడం నిఖార్సయిన లాభం, అందులో నాకు మరోమాట లేదు. సిలిండరు ధర చూసి స్నానాల నీళ్లకు కట్టెలపొయ్యే ఉంచుకున్న ఇళ్లను తప్పుపట్టనూ లేను. పెద్దమాను సంగతికొస్తే, ఇప్పుడు కోత మిషను దాన్ని అరగంటలో పడేస్తుంది. ఆరబెట్టే ఓపిక ఎవరికీ లేదు, పచ్చి మొద్దులే లారీ ఎక్కుతాయి. 2002 నాటి వాల్టా చట్టం చెట్టు కొట్టడానికి అనుమతి తప్పనిసరి చేసింది. ఆ కాగితం ఇంటి ముందు వేప కొట్టుకునే రైతును అడిగినంత గట్టిగా బట్టీకి పోయే లారీని అడగడం లేదు.